డెల్టా వేసవి నవల అరవయ్యో పేజీ దగ్గర ఎందుకు ఆగిపోతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కోనసీమలో ఒక వేసవి, పదహారు పదిహేడేళ్ళ పిల్లలు, అమ్మమ్మగారి ఊరు. అరవై పేజీలు హాయిగా సాగింది, ఆపైన కథ కదలడం లేదు. చదివిన స్నేహితులు "చిన్నతనం గుర్తొచ్చింది" అని మెచ్చుకున్నారు. ఇంటర్ చదివే మీ చెల్లెలు మాత్రం పదో పేజీలోనే పక్కన పడేసింది. రోజుకెంత రాయాలి, యాస ఎంత వాడాలి, ఎవరు వేస్తారు అని కూడా అడిగారు.

తప్పు ఎక్కడుందో మీ స్నేహితుల మెచ్చుకోలే చెబుతోంది. చిన్నతనం గుర్తొచ్చేది చిన్నతనం దాటిపోయినవాళ్ళకి. మీరు కుర్రకారు గురించి రాశారు గానీ కుర్రకారు చదివేలా రాయలేదు. మామిడితోట, ముంజలు, డాబా మీద పడకలు, అమ్మమ్మ కలిపిన ఆవకాయ ముద్ద, ఇదంతా పెద్దవాళ్ళు పోగొట్టుకున్న వస్తువుల పట్టీ. పదహారేళ్ళ పిల్లకి ఇంకా ఏదీ పోలేదు. ఆ వయసులో వేసవి అంటే జ్ఞాపకం కాదు, గడువు. పదో తరగతి అయింది, తరవాత ఎక్కడో తేలలేదు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది, రాకపోతే పాలిటెక్నిక్, అదీ కాకపోతే హాస్టల్ ఉన్న కార్పొరేట్ కాలేజీ. ఇంట్లో ఎవరూ తనని కూర్చోబెట్టి అడగరు. ఈ లోపల నలభై యాభై రోజులు ఖాళీ. ఆ ఖాళీలో తనంతట తను ఒక పని తలకెత్తుకుంటే అది నవల. అమ్మమ్మ ఇంటికి వెళ్ళొస్తే అది వ్యాసం.

డెల్టాలో ఈ గడువు కోసం వెతుక్కోనక్కర్లేదు, ఊరే ఇస్తుంది. దాళ్వా, అంటే రబీ వరి, చేతికొచ్చే వేళకి, ఏప్రిల్ రెండో సగంలో, కాలువలు కట్టేస్తారు. మరమ్మతులూ పూడికతీతా ఆ మధ్యలోనే. జూన్ మొదట్లో సార్వాకి, అంటే ఖరీఫ్ వరికి, మళ్ళీ నీళ్ళొదులుతారు. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుంచీ డెల్టా పంచాంగం కాలువలదే. కట్టేముందు ఊళ్ళో మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు, సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి ఆ చెరువే దిక్కు. దాదాపు అదే సమయంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సముద్రంలో మర పడవల వేటకి నిషేధం. అంటే వ్యవసాయం ఇంట్లోనూ వేట ఇంట్లోనూ మగవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు, చేతిలో డబ్బు ఆడదు. ఇంట్లో గొడవలకి మీరు వేరే కారణం కల్పించనక్కర్లేదు.

ఇక కథ. మీ పాత్రకి కావలసినది ఒకటి ఉండాలి, అది కాలువకి నీళ్ళొచ్చేలోపు కావాలి. ఉదాహరణకి ఒక కథ కట్టి చూద్దాం. పది రాసిన అమ్మాయి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. అమ్మాయి నిరుడు దసరాకి తల్లి గొలుసు పెట్టుకుని కాలువ రేవులో జారవిడిచింది, లేదా అలా అనుకుంటోంది. తల్లికి చెప్పలేదు. ఇప్పుడు కాలువ ఎండింది, వెతకొచ్చు. మరో పక్క పూడిక తీయడానికి పొక్లెయిన్ రేపో మాపో ఆ రేవుకి వస్తుంది. మట్టితో పాటు గొలుసూ లారీ ఎక్కుతుంది. తీరా సగం కథలో తేలేది ఏమిటంటే, గొలుసు కాలువలో పడనే లేదు, అన్నయ్య తాకట్టు పెట్టాడు. అక్కడి నుంచి ప్రశ్న మారిపోతుంది. వెతకడం కాదు, చెప్పడమా మానడమా. ఎదిగిన పిల్ల కథ అనిపించేది ఈ మలుపు వల్లే, వయసు వల్ల కాదు. మీ అరవై పేజీల్లో ఇలాంటి కోరిక ఒక్కటి కూడా కనిపించకపోతే నలభై పేజీలు నిర్మొహమాటంగా తీసేయండి. ఆ వర్ణనలు వృథా కావు, తరవాత వాక్యం వాక్యంగా వాడుకోవచ్చు.

రెండో పని, ఏడాది తేల్చుకోండి. "ఒకానొక వేసవి" అని వదిలేయడం తెలుగు నవలకి పట్టిన పాత జబ్బు. ఏడాది తేలితే సగం కథ అదే వస్తుంది. పై కథని 2022లో పెట్టి చూడండి. కరోనా ఆలస్యాల వల్ల ఆ ఏడు పది పరీక్షలు ఏప్రిల్ 27 నుంచి మే 9 దాకా జరిగాయి. అంటే పరీక్షలయ్యేదాకా అమ్మాయి కాలువలోకి దిగలేదు. దిగిన రెండో రోజే వాన: మే 11న అసని తుపాను బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం తాకింది. ఎండిన కాలువ మళ్ళీ బురద. మే 16న బుద్ధ పౌర్ణమి, రాత్రి వెతకాలంటే ఆ నాలుగు రోజులే. మే 30 అమావాస్య. మే 24న కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చడం మీద అమలాపురంలో గొడవలు, ఇళ్ళు తగలబెట్టడం, ఆ తరవాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. తల్లితో వీడియో కాల్ లేదు. నిజం తెలిసింది సరిగ్గా అప్పుడే అనుకోండి. చెప్పాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం వెళ్ళాలి, అది కోనసీమ కాదు, పశ్చిమగోదావరి జిల్లా. పది ఫలితాలు జూన్ 6న. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక, అక్కడ సెలవు శుక్రవారం. ఇన్ని తేదీలూ ముందు పెట్టుకుంటే నవల రెండో సగం దానంతటదే వరస కడుతుంది. అదే కథని 2024లో పెడితే చెల్లదు, ఆ ఏడాది పది ఫలితాలు ఏప్రిల్ 22కే వచ్చేశాయి. ఫలితాల భయంతో నడిచే కథ మొదటి అధ్యాయంలోనే అయిపోతుంది.

ఆ గొడవని నేపథ్యం కోసం మాత్రమే వాడుకునేట్టయితే ఆ ఏడాది ఎంచుకోకండి. డెల్టా పల్లెలో కులాన్ని దాటేసి ఎదిగిన పిల్లల కథ రాయడం కుదరదు. బడి ఉన్నన్నాళ్ళూ ఒకే బెంచీ, ఒకే టిఫిను డబ్బా. సెలవులివ్వగానే ఎవరి వీధి వాళ్ళది, ఎవరి పేట వాళ్ళది. "మీ ఇంటికొస్తా" అన్న మాట దగ్గర అవతలివాళ్ళు తడబడతారు. మీ అమ్మాయికి కాలువలో వెతకడానికి తోడొచ్చిన నేస్తం దళితపేట పిల్ల అయితే, దాహమేసినప్పుడు ఇద్దరూ ఎవరింటికి వెళ్తారో, మంచినీళ్ళు ఎక్కడ నిలబడి తాగుతారో రాయండి. ఉపన్యాసం అక్కర్లేదు. గ్లాసు ఎక్కడుందో చెబితే పాఠకుడికి అర్థమైపోతుంది.

ప్రేమ పెట్టాలనుకుంటే పెట్టండి, ఆ వయసుకి అది సహజం. అయితే లేచిపోవడం దాకా లాగితే, పద్దెనిమిది నిండని వాళ్ళ విషయంలో 2012 పోక్సో చట్టం, కిడ్నాప్ కేసు, పోలీస్ స్టేషన్ వచ్చి కూర్చుంటాయి. అది వేరే నవల. ఆ సంగతి తెలియనట్టు రాస్తే మాత్రం ఈ కాలం పిల్లలు నవ్వుతారు.

ఇక వర్ణన. వర్ణన తగ్గించమని అనడం లేదు, పాత్ర పనిలో ఉండగా చూసినదే రాయమంటున్నాను. మీరు పంపిన భాగంలో కాలువ గురించి "ఎండిపోయిన కాలువ దీనంగా చూస్తోంది" అని ఉంది. కాలువ చూడదు. దిగినవాళ్ళకి ఏం కనిపిస్తుందో చూడండి. కట్టేసిన రెండు మూడు రోజులు తూముల దగ్గర గుంటల్లో నీళ్ళు మిగులుతాయి, పిల్లలు చేతులతోనే మట్టగిడసలూ జెల్లలూ పడతారు, జెల్ల ముల్లు గుచ్చుకుంటే చెయ్యి సాయంత్రం దాకా సలుపుతుంది. తరవాత ఒడ్డు వారన మట్టి ముందు నెర్రెలిస్తుంది, నడిమధ్య మాత్రం మోకాలి లోతు బురద అలాగే ఉంటుంది. పైన పెచ్చు కట్టి గట్టిగా ఉన్నట్టు మోసం చేస్తుంది. గుర్రపుడెక్క ఎండి గోధుమరంగు చాపలా పరుచుకుంటుంది, దాని కింద నీచు వాసన. అడుగున సీసా పెంకులు, గుల్లలు, నిరుడు చవితికి కలిపిన వినాయకుడి లోపలి చువ్వలు. చెప్పుల్లేకుండా దిగితే ఏమవుతుందో ఇక్కడే కథకి పనికొస్తుంది. ఇంత చెప్పాక "దీనంగా" అనే మాట అక్కర్లేదు.

అలాగే ధాన్యం. దాళ్వా మాసూళ్ళప్పుడు రోడ్డు వారన ధాన్యం ఆరబోయడం రాశారు, బావుంది, కానీ మీ తాతగారు హాయిగా నిద్రపోతున్నారు. రోడ్డు మీద ధాన్యం ఉన్న రైతుకి నిద్ర ఉండదు. కొనుగోలుకి తేమ 17 శాతం లోపు ఉండాలి. ఒక్క అకాల వర్షం పడితే ఆరిందంతా మళ్ళీ మొదటికి. అర్ధరాత్రి మబ్బు పడితే బరకాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగు, పిల్లలతో సహా. బస్తా 75 కిలోలు, పదహారేళ్ళవాడు మొదటిసారి ఎత్తబోయినప్పుడు ఏమవుతుందో ఒక పేజీ వస్తుంది.

డెల్టా వేసవి పేరుతో వేసవిలో లేనివి పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. మీ రాతలోనూ మూడున్నాయి. తేగలు చలికాలపువి, వేసవిలో ఉండేవి ముంజలు. పులస చేప వరద ఎర్రనీళ్ళు తగిలాక, జూలై నుంచి. మేలో ఎవరైనా పులస పులుసు వడ్డిస్తే అది పులస కాదని ఊళ్ళో చిన్నపిల్లాడికీ తెలుసు. జగ్గన్నతోట ప్రభల తీర్థం కనుమ నాడు. మేలో మీకు తీర్థం కావాలంటే గ్రామదేవత జాతర ఉంది, వైశాఖంలో హనుమజ్జయంతి ఉంది, పెళ్ళిళ్ళకి లోటే లేదు. ఇంకొకటి, మీ కథానాయకుడు అమలాపురంలో రైలు దిగాడు. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు. రాజమండ్రిలోనో పాలకొల్లులోనో దింపి బస్సెక్కించండి. ఆ బస్సు ప్రయాణం మీకు అదనంగా దొరికిన అధ్యాయం. ఊరి పేరు మాత్రం కల్పించుకోవడమే మేలు, పట్నాలూ రేవులూ నిజమైనవి ఉంచి. కల్పించేటప్పుడు లంక అని పెడితే అది నది మధ్య ఊరు, దాటడానికి పడవో వంతెనో కావాలి. చివరి అధ్యాయాల్లో గుర్తు పెట్టుకోండి.

యాస సంగతి. సినిమాలు చూసి ప్రతి మాటకీ "ఆయ్" తగిలించారు. గోదావరి మాట వినిపించేది అందులో కాదు, ఎవరు ఎవరిని "అండి" అంటారో అందులో. కూతురు తండ్రిని "నాన్నగారండి" అనే ఇళ్ళున్నాయి, ఏరా అనుకునే బావలున్నారు, కోపం వచ్చినప్పుడు కూడా "మీరు మాట్లాడకండి" అని మర్యాదగా తిట్టే అత్తలున్నారు. ఒక చిన్న పరీక్ష: సంభాషణల్లో పేర్లు కొట్టేసి చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే యాస పూతే తప్ప మాట లేదు. నిజానికి ఇలా ఉండాలి:

"మావయ్యగారూ, ట్రాక్టరు రేవు దాకా వెళ్తుందా అండి?"
"నీకు రేవులో పనేంటమ్మా ఈ ఎండలో?"
"ఊరికేనండి."
"ఊరికే ఎవరూ రేవుకెళ్ళరు. ఎక్కు."

ఇందులో ఒక్క యాస మాట కూడా లేదు. అయినా ఇది డెల్టాయే. పిల్లలు పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు కలుస్తుంది, కలవనివ్వండి, కానీ ఆ ఏడాది ఇన్‌స్టాలో తిరిగిన ఊతపదాలు రెండు మూడుకి మించనీయకండి. పుస్తకం బయటికొచ్చేసరికి అవి పాతబడి, పాత్ర కన్నా రచయిత వయసే బయటపడుతుంది. కథనం మాత్రం మామూలు వాడుకభాషలో ఉంచండి.

ఉత్తమపురుషలో రాస్తున్నారు కాబట్టి ఒక జల్లెడ పట్టండి. ఫైల్లో "ఆ రోజుల్లో", "ఇప్పటికీ", "అప్పుడు తెలియలేదు కానీ", "ఎందుకో తెలీదు", "అదేదో" అన్న మాటలు వెతకండి. అవి దొరికిన చోటల్లా పదహారేళ్ళ పిల్ల గొంతు ఆగి నలభై ఏళ్ళ మనిషి గొంతు మొదలవుతుంది. మొదటి నాలుగూ కొట్టేయండి, "అదేదో" ఉన్న చోట అదేమిటో రాయండి. అమ్మాయికి తెలియనిది పాఠకుడికి తెలియాలంటే ఆమె చూసి అర్థం చేసుకోలేనిదాన్ని ఉన్నదున్నట్టు చూపించాలి. అన్నయ్య కొత్త ఫోన్ కవరు, చొక్కా జేబులో మడతపెట్టిన గులాబీరంగు రసీదు. ఆమె దాన్ని సినిమా టికెట్ అనుకుంటే చాలు.

రాసే పద్ధతికొస్తే, వేసవి నవలని వేసవిలో రాయడానికి కూర్చోకండి. ఏప్రిల్, మే నెలలు నోట్సుకి. రోజుకి ఒక పేజీ: తేదీ, గంట, ఎక్కడ, ఎవరు ఏమన్నారు ఉన్నదున్నట్టు రెండు వాక్యాలు, ఒక ధర. ధర మరిచిపోవద్దు. డజను ముంజలెంత, పంటు టికెట్టెంత అన్నది రెండేళ్ళ తరవాత ఎవర్నడిగినా తలో రకంగా చెబుతారు. కొబ్బరి దింపు కార్మికుడి దగ్గర ఒక పూట కూర్చుంటే చెట్టుకెంత, మోకు ఎలా కడతారు, వాన పడ్డ మర్నాడు చెట్టెక్కడానికి ఎందుకు వెనకాడతారు, అన్నీ దొరుకుతాయి. పుస్తకాల్లో ఇవి లేవు.

సార్వా నాట్లు మొదలయ్యాక డ్రాఫ్టు మొదలెట్టండి. ఈ వయసు పాఠకులకి 35 వేల మాటలు చాలు, డెమీ సైజులో 150 పేజీలకి అటూ ఇటూ వస్తుంది. అధ్యాయానికి 1,600 చొప్పున 22 అధ్యాయాలు. రోజుకి 500 మాటలంటే 70 రోజులు. తెల్లవారుజామున అయిదు నుంచి ఏడున్నర దాకా కూర్చోగలిగితే 500 కష్టం కాదు. రెండు వేలు రాసి మూడు రోజులు మానేసే అలవాటు మాత్రం ఈ తరహా నవలకి పనికిరాదు, గొంతు మారిపోతుంది. ముందురోజు అధ్యాయం మధ్యలో, మాట నడుస్తుండగా ఆపండి. పొద్దున్న మొదలెట్టడం తేలిక. గోడకి ఒక కాలెండరు తగిలించి ప్రతి అధ్యాయం ఏ తేదీన జరుగుతుందో పెన్సిలుతో రాసుకోండి. పౌర్ణమి ఒకసారే వచ్చిందో లేదో, పాత్రలు రోజూ వెన్నెల్లో కూర్చుంటున్నారో అక్కడే తెలిసిపోతుంది.

డ్రాఫ్టు పూర్తయ్యాక పక్షం రోజులు మూసిపెట్టి, తరవాత మొదటి మూడు అధ్యాయాలు కాగితం మీద తీసి పది నుంచి ఇంటర్ లోపు పిల్లలు నలుగురికివ్వండి. మీ బంధువులు కాకుండా చూసుకోండి. "బావుందా" అని అడగొద్దు, బావుందనే అంటారు. "ఎక్కడ ఆపి ఫోన్ తీశావు?" అని అడిగి, ఆ లైను పక్కన గీత పెట్టమనండి. ఇద్దరు ఒకే చోట గీత పెడితే అంతకు ముందు పేజీ నుంచి తిరగరాయాలి, ఆ పేజీని కాదు. విసుగు ముందే మొదలై అక్కడ బయటపడుతుంది.

ప్రచురణ గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. తెలుగు పుస్తకాల షాపుల్లో ఈ వయసుకి విడిగా అరే లేదు. బాలసాహిత్యంలోనో పెద్దల నవలల్లోనో పడుతుంది. పిల్లల పుస్తకాలు వేసే సంస్థల్లో సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' లాంటివి ఉన్నాయి, పంపేముందు వాళ్ళ పుస్తకాలు నాలుగు చదవండి. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం 9 నుంచి 16 ఏళ్ళ పాఠకుల కోసం రాసినవాటికి, యువ పురస్కారం 35 ఏళ్ళలోపు రచయితలకి, రెంటికీ నగదు 50 వేలు. మీ పాత్రకి పదిహేడేళ్ళా పదిహేనేళ్ళా అన్నది మొదటి పురస్కారం దగ్గర తేడా తెస్తుంది, కానీ దానికోసం వయసు మార్చడం దండగ.

సొంతంగా వేసుకునేట్టయితే పుస్తకాల గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కి పైసా ఖర్చు లేదు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రెస్సుకి ఇచ్చేముందు వాళ్ళు యూనికోడ్‌లో పేజీలు కడతారా, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మారుస్తారా అడగండి. మార్చేట్టయితే ఒత్తులు మీద ఒత్తులు పడే చోట్ల, నకారపొల్లు దగ్గర, ఇంగ్లీషు మాటలు తెలుగులో రాసిన చోట అక్షరాలు చెదురుతాయి. మీ నవలలో పిల్లల సంభాషణంతా అలాంటిదే, కాబట్టి ప్రూఫు తెర మీద కాకుండా కాగితం మీద తెప్పించుకుని, ముందు సంభాషణలే దిద్దండి.